తాత సైకిలు గేరు పిడి: హబ్బు గేర్లకు షిఫ్టర్ ఎంచుకోవడం వెనక ఉన్న చరిత్ర

కుప్పం వైపు నుంచి కోలారు బంగారు గనులకు వచ్చి నిలబడిపోయిన మా వాళ్ళ గురించి ఇదివరకు రాశాం. ఇంటి పత్రాల గురించీ, అవ్వ ఇత్తడి సామాను గురించీ కూడా రాశాం. ఈసారి ఒక సైకిలు గురించి, ఇంకా సరిగ్గా చెప్పాలంటే ఆ సైకిలుకు ఉండాల్సి ఉండి లేకుండా పోయిన ఒక చిన్న పిడి గురించి.

సైకిలు రాలీ. 1956లో గనులు మైసూరు సర్కారు చేతికి వచ్చాక, సీమకు తిరిగిపోతున్న ఒక ఇంగ్లీషు ఉద్యోగి దగ్గర తాత కొన్నది. వెనక చక్రం మధ్యలో మామూలు దానికన్నా లావుపాటి హబ్బు ఉంది. దాని మీద 'స్టర్మీ-ఆర్చర్', 'ఏడబ్ల్యూ', '55' అని అచ్చు కొట్టి ఉన్నాయి. మూడు గేర్లూ ఆ డొల్ల లోపలే ఉన్నాయి, బయటికేమీ కనబడవు. ఆ గేర్లను మార్చే పిడి, అంటే షిఫ్టర్, హ్యాండిల్ మీద లేదు. కేబుల్ కూడా లేదు. అందువల్ల ఏళ్ళ తరబడి ఆ సైకిలు ఒకే గేరులో, అదీ అన్నిటికన్నా బరువైన గేరులో ఉండిపోయింది.

ఇప్పుడు పాత ఇల్లు అమ్మకానికి పెట్టాం. సామాను పంచుకునేటప్పుడు సైకిలు ఎవరికి అన్న మాట కన్నా ముందు, అది తొక్కే సైకిలుగా ఉంటుందా, గోడకు తగిలించే బొమ్మ అవుతుందా అన్న మాట వచ్చింది. మూడు గేర్లతోనూ దాన్ని తొక్కినవాళ్ళలో మా ఇంట్లో మిగిలింది పెద్దనాన్న ఒక్కరే. ఆయనకు 79 ఏళ్ళు. బెంగుళూరులో ఒక అంగడివాళ్ళు వెనక చక్రం మొత్తం పీకేసి కొత్త గేర్ల చక్రం వేసుకోమన్నారు. పిడి ఒక్కటి పోయినందుకు చక్రం ఎందుకు మార్చాలని మేము వెతకడం మొదలుపెట్టాం. వెతికేకొద్దీ ఒక సంగతి తేలింది. హబ్బు గేర్లలో ఒకటో మెట్టు, రెండో మెట్టు, మూడో మెట్టు అనే లెక్క ఎక్కడో ఒకచోట దాగి ఉంటుంది. కొన్నిట్లో అది పిడిలో ఉంటుంది, కొన్నిట్లో హబ్బులో ఉంటుంది. అది ఎక్కడుందో తెలిస్తే ఏ షిఫ్టర్ కొనాలో తెలుస్తుంది. ఆ లెక్క ఎక్కడి నుంచి ఎక్కడికి మారిందో చెప్పేదే హబ్బు గేర్ల షిఫ్టర్ చరిత్ర.

1902

1902లో శివనసముద్రం నుంచి కరెంటు కోలారు గనులకు వచ్చింది. మా ఊళ్ళో పెద్దవాళ్ళు ఏ కథ ఎత్తుకున్నా అక్కణ్ణించే మొదలుపెడతారు. సరిగ్గా అదే ఏడు ఇంగ్లండులోని నాటింగ్‌హామ్‌లో స్టర్మీ-ఆర్చర్ కథ కూడా మొదలైంది. హెన్రీ స్టర్మీ సైకిళ్ళ గురించి రాసే పత్రికా రచయిత. జేమ్స్ ఆర్చర్ ఇంజనీరు. వెనక నిలబడి నడిపించింది రాలీ కంపెనీ యజమాని ఫ్రాంక్ బౌడెన్. అయితే ఆ హబ్బును నిజంగా రూపొందించింది విలియం రైలీ. ఆయన అంతకుముందే రెండు గేర్ల హబ్బు ఒకటి చేశారు. ఆ పాత కంపెనీతో ఉన్న ఒప్పందం వల్ల కొత్త పనిని తన పేరు మీద పెట్టుకోలేకపోయారు. పేటెంటు ఆర్చర్ పేరు మీద వచ్చింది. హబ్బు మీద ఆయన పేరు ఎక్కడా లేదు.

లోపలి ఏర్పాటు చూడ్డానికి చిక్కుగా ఉంటుంది గానీ లెక్క సులభం. నడిమధ్య ఇరుసుకు కదలని చిన్న పళ్ళ చక్రం. దాని చుట్టూ తిరిగే చిన్న చక్రాలు, వాటిని పట్టి ఉంచే ఒక పంజరం. వాటన్నిటినీ చుట్టి లోపలివైపు పళ్ళున్న పెద్ద వలయం. (పళ్ళను మేము బడిలో కన్నడంలో హల్లు అని నేర్చుకున్నాం. పాత పకారం కన్నడంలో హకారమైంది, మన దగ్గర పకారంగానే నిలిచింది. చక్రం మాత్రం రెండు భాషల్లోనూ ఒకేలా తిరుగుతుంది.)

1936లో వచ్చిన ఏడబ్ల్యూ హబ్బులో నడిమి చక్రానికి 20 పళ్ళు, పెద్ద వలయానికి 60 పళ్ళు. చైను బలం పంజరం మీదకు వెళ్ళి వలయం నుంచి బయటికి వస్తే చక్రం మూడింట ఒక వంతు ఎక్కువ వేగంగా తిరుగుతుంది. అది హై గేరు. బలం వలయానికి వెళ్ళి వలయం నుంచే బయటికి వస్తే ఉన్నది ఉన్నట్టు తిరుగుతుంది. అది నార్మల్. బలం వలయానికి వెళ్ళి పంజరం నుంచి బయటికి వస్తే ముప్పాతిక వేగమే. అది లో గేరు, ఎక్కుడుకు పనికొచ్చేది. మా సైకిలుకు ముందు పళ్ళ చక్రానికి 46 పళ్ళు, వెనక దానికి 18. చక్రం 28 అంగుళాలు. పెడలు ఒక్క చుట్టు తిప్పితే సైకిలు నార్మల్‌లో సుమారు 5.7 మీటర్లు, లోలో 4.3 మీటర్లు, హైలో 7.6 మీటర్లు పోతుంది.

ఈ మూడు దారుల్లో ఏది అని తేల్చేది లోపల ఉన్న ఒకే ఒక జారుడు ముక్క, క్లచ్చు. దానికి ఒకవైపు స్ప్రింగు, మరోవైపు కుడి పక్క నట్టు గుండా బయటికి వచ్చే చిన్న గొలుసు. గొలుసు వదులుగా ఉంటే హై, కొంచెం లాగితే నార్మల్, పూర్తిగా లాగితే లో. అంతే. ఇక్కడొక విషయం గమనించండి. ఆ క్లచ్చు మూడు చోట్ల ఆగాలని హబ్బులో ఎక్కడా ఏర్పాటు లేదు. స్ప్రింగు ఉంది గానీ మెట్లు లేవు. మూడు మెట్లూ హ్యాండిల్ మీది పిడిలోనే ఉన్నాయి. తాత సైకిలుకు పోయింది పిడి ఒక్కటే అనుకున్నాం గానీ, దాంతో గేర్ల లెక్క మొత్తం పోయింది. కేబుల్ లేకపోతే స్ప్రింగు క్లచ్చును హైలోకి తోసేస్తుంది. సైకిలు బరువు గేరులో ఇరుక్కుపోవడానికి కారణం ఇదే.

బార్ మీది పిడి నుంచి వేలి కిందికి

మొదట్లో పిడి హ్యాండిల్ మీద ఉండేది కాదు. సీటుకూ హ్యాండిలుకూ మధ్య ఉండే పై బార్ మీద చిన్న వంపు పట్టీ, దాని గాడుల్లో ఆగే పొడవాటి పిడి. ఉత్త తీగ ఒకటి చిన్న కప్పీల మీదుగా వెనక్కి పోయేది. మెట్లు కళ్ళకు కనబడేవి, పాడైతే ఎవరైనా సరిచేసుకోవచ్చు. కానీ గేరు మార్చాలంటే ప్రతిసారీ ఒక చెయ్యి హ్యాండిల్ వదలాలి. ఎక్కుడు మధ్యలో, బండ్ల రద్దీలో అది కష్టం.

హ్యాండిల్ మీదికి పిడి రావడానికి గొట్టంలో నడిచే కేబుల్ కావాల్సి వచ్చింది. దాన్ని బౌడెన్ కేబుల్ అంటారు. ఈ పేరు దగ్గర చాలామంది తికమకపడతారు. 1896లో ఆ కేబుల్‌కు పేటెంటు తీసుకున్నది ఎర్నెస్ట్ మన్నింగ్టన్ బౌడెన్. రాలీ యజమాని ఫ్రాంక్ బౌడెన్ వేరే మనిషి. గొట్టం మూలల చుట్టూ వంగుతుంది, లోపలి తీగ లాగుడును మోసుకెళ్తుంది. 1930ల చివరికి స్టర్మీ-ఆర్చర్ ట్రిగ్గర్ వచ్చింది. హ్యాండిల్ మీద వేలి పొడవు పిడి, దాని లోపల మూడు గాడులు, ఒక చిన్న కొక్కెం, ఒక స్ప్రింగు. చూపుడు వేలితో లాగితే తేలిక గేరు, అవతలికి నెడితే బరువు గేరు. ముఖం మీద హెచ్, ఎన్, ఎల్ అనే మూడు అక్షరాలు. మా సైకిలు మీద ఉండినదీ అదే అని పెద్దనాన్న వేలితో చూపించి చెప్పారు.

సౌకర్యం పెరిగింది గానీ ఒక చిక్కు కూడా వచ్చింది. ఏడబ్ల్యూ హబ్బులో హైకీ నార్మల్‌కూ మధ్య ఒక ఖాళీ ఉంది. క్లచ్చు పంజరం ముళ్ళను వదిలేసి, వలయాన్ని ఇంకా అందుకోని చోటు అది. కేబుల్ కొలత సరిగ్గా లేకపోతే క్లచ్చు ఆ ఖాళీలో ఆగుతుంది, పెడల్ ఊరికే గిర్రున తిరుగుతుంది. సీటు మీద నుంచి లేచి బలంగా తొక్కేవాడు ఆ క్షణంలో కింద పడతాడు. బార్ మీది పాత పిడిలో తీగ నేరుగా పోయేది. ట్రిగ్గర్‌లో కేబుల్ గొట్టం నొక్కుకున్నా, గొట్టాన్ని ఆపే పట్టీ బార్ మీద జారినా కొలత తప్పుతుంది. షిఫ్టర్ ఎంత ముఖ్యమో కేబుల్ సర్దుబాటు కూడా అంతే ముఖ్యమని ఇందుకే అంటున్నాం. చాలా ఏళ్ళ తర్వాత వచ్చిన హబ్బుల్లో ఈ ఖాళీని తీసేశారు. 1955 నాటి దాంట్లో అది ఉంది.

రకరకాల పిడులు

యుద్ధం తర్వాత హ్యాండిల్ చివర మెలితిప్పే గ్రిప్పులు వచ్చాయి. కేబుల్ అసలే అక్కర్లేని రెండు గేర్ల హబ్బులూ వచ్చాయి, పెడల్‌ను కొంచెం వెనక్కి తొక్కితే గేరు మారుతుంది. 1966లో స్టర్మీ-ఆర్చర్ ఐదు గేర్ల ఎస్-5 తెచ్చింది. దానిలో నడిమి చక్రాలు రెండు. వాటిలో ఏది పనిచేయాలో ఎడమ కేబుల్ తేలుస్తుంది, మామూలు మూడు మెట్లను కుడి కేబుల్ చూసుకుంటుంది. అంటే ఒక హబ్బుకు రెండు పిడులు. ఏ రెండు కలిస్తే ఏ గేరో తొక్కేవాడే గుర్తుపెట్టుకోవాలి. 1970లో బ్రిటన్‌లో అమ్మకానికి వచ్చిన రాలీ చాపర్ పిల్లల సైకిల్లోనైతే మూడు గేర్ల హబ్బుకు కారు గేరు రాడ్డు లాంటి పిడిని పై బార్ మీద పెట్టారు. ఎప్పుడో వదిలేసిన చోటికే పిడి మళ్ళీ చేరింది. ఈసారి కారణం సౌకర్యం కాదు, షోకు.

మన దేశానికి ఈ రకాలు పెద్దగా రాలేదు. 1949లో మద్రాసు పక్క అంబత్తూరులో టీఐ సైకిల్స్ మొదలైంది. అసన్‌సోల్‌లో సేన్-రాలీ వచ్చింది. 1960లో ఇంగ్లండులో ట్యూబ్ ఇన్వెస్ట్‌మెంట్స్ కంపెనీ రాలీనే కొనేసింది. అంబత్తూరు ఫ్యాక్టరీకి పేరిచ్చిందీ అదే కంపెనీ. ఇంత దగ్గరి సంబంధం ఉన్నా, ఇక్కడి వీధుల్లో తిరిగింది ఎక్కువగా ఒకే గేరున్న, రాడ్డు బ్రేకులున్న నల్ల సైకిలే. అందుకే మన సైకిలు అంగళ్ళలో పంచరు వేసే చేతులు ఎన్నో ఉన్నా, హబ్బు గేరు విప్పిన చేతులు తక్కువ. చక్రం పీకేయమనే సలహా అక్కణ్ణించే పుడుతుంది.

లెక్క చోటు మారింది

జపాన్‌లో షిమానో 1957 నుంచి మూడు గేర్ల హబ్బులు చేస్తోంది. 1990ల తర్వాత నెక్సస్, ఆల్ఫీన్ పేర్లతో 7, 8 గేర్ల హబ్బులు, 2010లో 11 గేర్లది వచ్చాయి. ఏడబ్ల్యూలో అతి తేలిక గేరుకూ అతి బరువు గేరుకూ తేడా 178 శాతం. 8 గేర్ల హబ్బులో 307 శాతం. ఎక్కుళ్ళ ఊళ్ళల్లో ఇది చాలా పెద్ద లాభం. కానీ మెట్లు ఇంకా పిడిలోనే ఉన్నాయి, పైగా ఒక్కో మెట్టుకు కేబుల్ ఎన్ని మిల్లీమీటర్లు లాగాలో కచ్చితంగా ఉండాలి. 8 గేర్ల నెక్సస్, 8 గేర్ల ఆల్ఫీన్ పిడులు ఒకదాని బదులు ఒకటి పనిచేస్తాయి. 11 గేర్ల హబ్బుకు 8 గేర్ల పిడి పనికిరాదు. సర్దుబాటు మాత్రం సులభం: 8 గేర్లదాన్ని నాలుగో గేరులో, 11 గేర్లదాన్ని ఆరో గేరులో పెట్టి, హబ్బు మీది రెండు గుర్తులు ఎదురెదురుగా వచ్చేదాకా కేబుల్ తిప్పాలి.

1998లో జర్మనీలో వచ్చిన రోలాఫ్ హబ్బు దారి మార్చింది. 14 గేర్లు, 526 శాతం తేడా. మెట్లన్నీ హబ్బులోనే. హ్యాండిల్ మీది గ్రిప్పు రెండు కేబుళ్ళను అటూ ఇటూ లాగడం తప్ప ఏమీ చేయదు. కేబుల్ కాస్త వదులైనా గేరు తప్పదు. అయితే దానికి మెలితిప్పే గ్రిప్పు కావాలి, హబ్బు ఖరీదు చాలా ఎక్కువ.

ఈ మూడింటినీ పక్కపక్కన పెట్టి చూస్తే ఎంపిక ఎలా చేయాలో తేటగా కనబడుతుంది. మెట్లు హబ్బులో ఉంటే పిడి పోయినా భయం లేదు, ఆ హబ్బుకు చేసిన గ్రిప్పు తెచ్చుకుంటే సరి. పిడిలో ఉండి, మెట్లు ఎనిమిదో పదకొండో అయితే సరిగ్గా ఆ జాతి పిడే దొరకాలి, అది తయారవడం ఆగిపోతే హబ్బు బాగున్నా చక్రం మూలన పడుతుంది. పిడిలో ఉండి మెట్లు మూడే అయితే, అదీ స్ప్రింగుకు ఎదురు లాగే పనే అయితే, దాన్ని మళ్ళీ చేయడం ఎవరికైనా సాధ్యం. ఏడబ్ల్యూ 70 ఏళ్ళ తర్వాత కూడా బతికే ఉండడానికి గట్టి ఇనుము ఒక కారణమైతే ఇది రెండోది.

మేము ఎలా ఎంచుకున్నాం

మా ఉద్యోగం సాఫ్ట్‌వేర్ టెస్టింగ్. ఒకేసారి రెండు మార్చకూడదన్నది అక్కడి మొదటి పాఠం. అందుకే షిఫ్టర్ కొనకముందే హబ్బును విడిగా చూశాం. హబ్బు మీది చిన్న మూత తెరిచి పలచటి మిషను నూనె పోశాం. వెనక చక్రం పైకెత్తి, చిన్న గొలుసును చేత్తో వదులుగా, సగం, పూర్తిగా లాగి పట్టుకుని పెడల్ నాలుగేసి చుట్లు తిప్పాం. చక్రం సుమారు 13న్నర, 10, 7న్నరకు కాస్త పైన తిరిగింది. 46 పళ్ళకూ 18 పళ్ళకూ రావాల్సిన లెక్క అదే. హబ్బు నిక్షేపంగా ఉంది.

కొత్త చక్రం మాట అక్కడితో ముగిసింది. అసలు అదంత తేలికా కాదు. ఆనాటి ఇంగ్లీషు సైకిళ్ళ వెనక చక్రానికి 40 పుల్లలు, ఇప్పటి హబ్బులు 36 లేదా 32 పుల్లలకు చేస్తారు. రిమ్ము కూడా మార్చాలి. ఇప్పటి 8 గేర్ల హబ్బు వెడల్పు 132 నుంచి 135 మిల్లీమీటర్లు. పాత ఫ్రేము కాళ్ళ మధ్య చోటు అంతకన్నా సుమారు 20 మిల్లీమీటర్లు తక్కువ. ఫ్రేమును చీల్చి వెడల్పు చేయాలి. అంత చేశాక మిగిలేది తాత సైకిలు ఔనో కాదో మీరే చెప్పండి.

పిడులు నాలుగు రకాలు మా ముందున్నాయి. పాత ట్రిగ్గర్ సెకండ్‌హ్యాండులో దొరుకుతుంది గానీ లోపలి కొక్కెం, స్ప్రింగు అరిగి ఉంటే మెట్టు నిలవదు. మెలితిప్పే గ్రిప్పుకు మా సైకిలు మీద చోటు లేదు, రాడ్డు బ్రేకు పిడులు హ్యాండిల్ పొడవునా ఉన్నాయి. మెట్లు లేని రాపిడి పిడి ఏడబ్ల్యూకు పనిచేస్తుంది, ఎంత లాగితే అక్కడ ఆగుతుంది. కానీ హైకీ నార్మల్‌కూ మధ్య ఖాళీ ఉన్న హబ్బుకు అది కొత్తవాళ్ళ చేతికి ఇవ్వదగ్గది కాదు. నాలుగోది, ఇప్పటికీ తయారవుతున్న మూడు గేర్ల ట్రిగ్గర్. పెద్దనాన్నకు బొటనవేలు కీలు పట్టేసింది, చూపుడు వేలు బాగానే పనిచేస్తుంది. కాబట్టి బొటనవేలితో నొక్కే రకం వదిలి, వేలితో లాగే రకం తీసుకున్నాం.

బిగించాక నార్మల్‌లో పెట్టి, కుడి నట్టుకున్న కన్నంలోంచి చూస్తూ, లోపలి కడ్డీ భుజం ఇరుసు చివరికి సమంగా వచ్చేదాకా కేబుల్ సర్దాం. ఆ తర్వాత పరీక్ష పెద్దనాన్నది. చెవితోనే. నార్మల్‌లోనూ హైలోనూ హబ్బు టిక్కుటిక్కుమంటుంది, లోలో తొక్కేటప్పుడు నిశ్శబ్దం. తేలిక గేరు కొక్కేలు వేగంగా తిరిగే డొల్ల లోపల జారే చప్పుడు అది. "సద్దు ఉండాదంటే దార్లో పోతా ఉండాం, సద్దు లేదంటే గడ్డ ఎక్కతా ఉండాం, అంతే కదరా" అన్నారాయన. మేము నాలుగు పేరాల్లో రాసింది ఆయన ఒక్క మాటలో చెప్పేశారు. ఆ మాటను ఈ ఇంటి పత్రాల్లో రాసిపెట్టుకున్నాం.

స్టర్మీ-ఆర్చర్ నాటింగ్‌హామ్ ఫ్యాక్టరీ 2000లో మూతపడింది. పేరునూ యంత్రాలనూ తైవాన్‌కు చెందిన సన్‌రేస్ కొనుక్కుంది. 2001లో కోలారు గనులూ మూతపడ్డాయి. 1902లో ఒకే ఏడు వెలుగు చూసిన రెండు చోట్లూ దాదాపు ఒకేసారి ఆగిపోయాయి. గనుల నుంచి మా వాళ్ళు బెంగుళూరుకూ మద్రాసుకూ చెదిరారు. హబ్బులు మాత్రం తైవాన్‌లో ఇప్పటికీ తయారవుతున్నాయి, మూడు మెట్ల పిడులు కూడా.

ఖరగ్‌పూర్ రైల్వే కాలనీలోనో, బరంపురంలోనో, షోలాపూర్‌లోనో మీ ఇళ్ళల్లో ఇలాంటి సైకిలు ఉంటే పాత సామానులో పడేయకముందు మూడు పనులు చేయండి. హబ్బు మీది అక్షరాలూ అంకెలూ తుడిచి చూసి రాసిపెట్టుకోండి. ఏడబ్ల్యూ పక్కనున్న అంకె అది తయారైన ఏడు. చిన్న గొలుసును లాగి చక్రం చుట్లు లెక్కపెట్టండి. మూడోది, దాన్ని తొక్కినవాళ్ళు ఇంట్లో ఉంటే, ఏ గేరులో అది ఎలా చప్పుడు చేసేదో అడగండి. మొదటి రెండూ వచ్చే ఏడైనా చేయొచ్చు. మూడోది ఈ వారమే చేయండి.